తొలి అడుగుకు సాక్షులు తల్లిదండ్రులే

మీ చిన్నవాడు మొదటి అడుగు ఏ రోజున వేశాడు? మొదటి పన్ను ఎప్పుడు వచ్చింది? 'అమ్మీ' అన్నది ముందా, 'అబ్బా' అన్నది ముందా? నంద్యాలలో గానీ ఆళ్లగడ్డలో గానీ పదిమంది తల్లులను ఈ ప్రశ్నలు అడిగి చూడండి. మొదటి బిడ్డ విషయంలో ఏవో కొన్ని సమాధానాలు వస్తాయి. రెండో బిడ్డ దగ్గరికి వచ్చేసరికి 'అన్నలాగే నడిచాడు' అంటారు. మూడో బిడ్డ సంగతి అడిగితే నవ్వేసి 'యాద్ నై మౌల్సాబ్' అంటారు. తండ్రులను అడగకపోవడమే మర్యాద.

తల్లులకు ప్రేమ లేక కాదు. పొద్దున లేచింది మొదలు పొయ్యి, నీళ్లు, బట్టలు, అత్తామామల మందులు, పెద్దపిల్లల బడి. వీటి మధ్య పసిబిడ్డ బోర్లా పడిన రోజును ఏ మూల దాచుకోవాలి? పైగా ఇప్పుడు అందరి చేతుల్లో సెల్‌ఫోన్లు ఉన్నాయి. అందులో బిడ్డ ఫోటోలు వందల కొద్దీ ఉంటాయి. కానీ ఫోటోలో బిడ్డ నవ్వు కనిపిస్తుందే గానీ, ఆ రోజు వాడు మొదటిసారి అన్న మాట వినిపించదు. ఫోను నీళ్లలో పడితే ఆ నవ్వు కూడా పోతుంది. రెండు వాక్యాలు కాగితం మీద రాసి పెట్టుకోవడం అనే చిన్న పని గురించి ఈ వారం మాట్లాడుకుందాం.

ఐదేళ్ల బాలుడి జ్ఞాపకం

మనిషికి తన జీవితంలోని మొదటి రెండు మూడేళ్లు సాధారణంగా గుర్తుండవు. ఎవరిని అడిగినా మూడు, నాలుగేళ్ల వయసు నుంచే ఏదో ఒక మసక దృశ్యం చెబుతారు. అంటే నడక, మాట, నవ్వు, ఏడుపు అన్నీ నేర్చుకున్న కాలమే మనకు తెలియని కాలం. ఆ కాలానికి సాక్షులు వేరేవాళ్లు.

ఈ సంగతి హదీసు పండితులు ఏనాడో ఆలోచించారు. పసివాడు చూసింది, విన్నది ఏ వయసు నుంచి సాక్ష్యంగా చెల్లుతుందన్న ప్రశ్నకు ఇమామ్ బుఖారీ తన సహీహ్‌లోని జ్ఞాన ప్రకరణంలో ప్రత్యేకంగా చోటిచ్చారు. అక్కడ హజ్రత్ మహ్మూద్ బిన్ రబీ (రజి) ఉదంతం ఉంది. తనకు ఐదేళ్ల వయసున్నప్పుడు దైవప్రవక్త (స) బొక్కెనలోని నీటిని నోట్లోకి తీసుకుని తన ముఖం మీద చిమ్మిన సంగతి ఆయన పెద్దయ్యాక కూడా చెప్పేవారు. పిల్లవాడితో ఆడిన ఒక్క క్షణం ఆట అది. అందులో ఆజ్ఞ లేదు, నిషేధం లేదు. అయినా అది గ్రంథానికెక్కింది, దాని ఆధారంగా పండితులు వయసు లెక్క మాట్లాడుకున్నారు.

దీనికి భిన్నంగా అక్బర్ చక్రవర్తి కథ ఒకటుంది. 1542లో ఉమర్‌కోట్‌లో పుట్టిన అక్బర్, తండ్రి హుమాయూన్ ఇరాన్‌కు వెళ్లిపోవలసి రావడంతో కాందహార్‌లో పినతండ్రి మీర్జా అస్కరీ ఇంట పెరిగాడు. బిడ్డ నడక మొదలుపెట్టిన వేళ, దాది మాహమ్ అనగా ఒక తురుష్క ఆచారం గుర్తు చేసింది. బిడ్డ తొలి అడుగులు వేసేటప్పుడు తండ్రి తన తలపాగా తీసి వాడి మీదికి విసరాలి, వాడు తూలి పడాలి, దానితో దిష్టి పోతుంది అని. తండ్రి దగ్గర లేడు కాబట్టి ఆ పని మీర్జా అస్కరీ చేశాడు. బిడ్డ పడ్డాడు. ఆ దెబ్బ, ఆ పడటం తనకు కళ్లకు కట్టినట్టు గుర్తున్నాయని అక్బరే స్వయంగా చెప్పగా విన్నానని అబుల్ ఫజల్ 'అక్బర్‌నామా'లో రాశాడు.

ఏడాది దాటిన బిడ్డకు అది గుర్తుంటుందా? చక్రవర్తి చెప్పాక ఆస్థాన చరిత్రకారుడు కాదంటాడా! నాకైతే, మాహమ్ అనగా ఆ కథను బాలుడికి పదేపదే చెప్పి ఉంటుందని, విన్నదే చూసినదైపోయిందని అనిపిస్తుంది. మన ఇళ్లలోనూ అదే జరుగుతుంది. అవ్వ చెప్పిన కథే మన జ్ఞాపకం అవుతుంది. అవ్వ పోయాక ఆ కథ ఏ రూపంలో మిగులుతుందన్నదే ప్రశ్న.

చిన్న సంగతులను చిన్నచూపు చూడలేదు

హదీసు గ్రంథాలు తిరగేస్తే పసిపిల్లల ముచ్చట్లు ఎన్నో కనిపిస్తాయి. ఉమ్మె ఖాలిద్ అనే చిన్నపాప పసుపుపచ్చ చొక్కా వేసుకుని తండ్రితో వచ్చినప్పుడు, అబిసీనియాలో కొంతకాలం ఉండి వచ్చిన ఆ కుటుంబపు పిల్లను దైవప్రవక్త (స) అబిసీనియా భాషలోనే 'బాగుంది' అని మెచ్చుకున్న సంగతి బుఖారీలో ఉంది. చొక్కా రంగు కూడా మనకు తెలుసు. పెంచుకున్న పిట్ట చనిపోయి దిగులుగా ఉన్న అబూ ఉమైర్ అనే పిల్లవాడిని ఆయన పలకరించిన తీరును అన్న అయిన హజ్రత్ అనస్ (రజి) చెప్పారు. తమ్ముడి పిట్ట సంగతి అన్న గుర్తుపెట్టుకుని చెబితే, పద్నాలుగు వందల ఏళ్ల తర్వాత మనం చదువుకుంటున్నాం.

అదే హజ్రత్ అనస్ (రజి) ఇంకో దృశ్యం చెప్పారు. దైవప్రవక్త (స) కుమారుడు ఇబ్రాహీం పాలు తాగుతూ పెరిగింది మదీనా శివార్లలో ఉన్న ఒక కమ్మరి ఇంట్లో. కొలిమి వల్ల ఆ ఇల్లంతా పొగ నిండి ఉండేదట. దైవప్రవక్త (స) అక్కడికి వెళ్లి, ఆ పొగలోనే లోపలికి నడిచి, బిడ్డను ఎత్తుకుని ముద్దుపెట్టుకుని తిరిగి వచ్చేవారు. ఇబ్రాహీంకు రెండేళ్లు నిండలేదు, చనిపోయాడు. కొలిమి పొగ, తండ్రి రాక, ఒక ముద్దు. ఆ బిడ్డ జీవితంలో మనకు మిగిలినవి ఇలాంటివే. అనస్ (రజి) ఇది చెప్పడానికేమంత విషయం అనుకుని ఉంటే అవీ మిగిలేవి కావు.

డమాస్కస్ పండితుడు ఇబ్నె ఖయ్యిమ్ (మరణం హిజ్రీ 751, క్రీ.శ. 1350) నవజాత శిశువుల గురించి 'తుహ్ఫతుల్ మౌదూద్' అనే గ్రంథమే రాశారు. అఖీఖా, పేరు పెట్టడం వంటి ధర్మ విషయాలతో పాటు పాలు మాన్పించడం, పళ్లు రావడం, నడక, మాట గురించి కూడా అందులో ఉంది. బిడ్డ నలభయ్యో రోజు ప్రాంతంలో నవ్వుతాడని ఆయన రాశారు. నేటి పిల్లల వైద్యులు కూడా మనిషిని చూసి నవ్వే నవ్వు ఆరో వారం ప్రాంతంలో మొదలవుతుందనే చెబుతారు. ఎవరో తల్లులు రోజులు లెక్కపెట్టి చెప్పకపోతే ఆ నలభై అనే అంకె పండితుడి పుస్తకంలోకి ఎలా వచ్చి ఉంటుంది?

ఏలూరు మనిషి రాసిన పుస్తకం

ఇదంతా అరబ్బుల, మొగలుల సంగతి అనుకోకండి. మన తెలుగు గడ్డ మీద, మన ఇళ్ల సంగతులే రాసిన మనిషి ఒకాయన ఉన్నాడు. ఏలూరుకు చెందిన జాఫర్ షరీఫ్ దక్కన్ ముస్లింల ఆచార వ్యవహారాలన్నిటినీ, తొట్టిల్లు మొదలు ఖబరస్తాన్ దాకా, పూసగుచ్చినట్టు రాశాడు. మద్రాసు సర్కారులో సర్జన్‌గా ఉన్న హెర్క్‌లాట్స్ దాన్ని ఇంగ్లీషులోకి మార్చి 1832లో లండన్‌లో 'ఖానూనె ఇస్లాం' పేరుతో అచ్చు వేయించాడు.

పేరు చూసి అది ఫిఖహ్ గ్రంథం అనుకుంటే పొరపాటు. అందులో షరీఅత్ ఎంతో, రివాజు అంతకంటే ఎక్కువ. ఆ రివాజుల్లో కొన్నిటిని మా మదరసా ఉస్తాదులు ఒప్పుకోరు, నేనూ ఒప్పుకోను. కానీ పసిబిడ్డ ఎదుగుదల గురించిన భాగం చదువుతుంటే ముచ్చటేస్తుంది. బిడ్డ రెండు చేతులూ కలిపి లడ్డూ చుడుతున్నట్టు పిడికిళ్లు ఆడించే దశకు ఒక వేడుక, పేరు 'లడ్డూ బాంధ్నా'. మొదటిసారి ముద్ద నాకించినప్పుడు ఒకటి. పళ్లు వచ్చినప్పుడు ఒకటి. పాకినప్పుడు ఒకటి. చివరికి నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులకు 'బిస్మిల్లా', అంటే చదువు మొదలు.

ఆలోచించండి. చదవడం, రాయడం రాని తల్లులకు అదే డైరీ. బిడ్డకు పన్ను వచ్చిందని ఉడికించిన సెనగల ఘుంగ్నీలు వీధి వీధికీ పంచితే, ఇరవై ఇళ్లవాళ్లు సాక్షులు. 'మా పోట్టీ పెళ్లికి ముందు వారమే కదా మీవాడి పళ్ల ఘుంగ్నీలు తిన్నాం' అని ఏ ఖాలా అయినా తేదీ తేల్చి చెప్పేది. పక్కనున్న హిందువుల ఇళ్లలోనూ ఇదే పద్ధతి. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులకు అరిసెలు, పలుకులకు పంచదార చిలకలు. పిండివంటల పేర్లు మారాయి గానీ, బిడ్డ ఎదుగుదలను ఊరంతటి నోట రాయించుకోవడం ఒక్కటే.

ఆ వేడుకలు ఇప్పుడు దాదాపు పోయాయి. కొన్ని పోవడమే మేలు, అప్పు చేసి పంచిన లడ్డూలు ఎవరికి మంచిది? పోయినా వాటి స్థానంలో మరేదీ రాలేదు. వచ్చింది ఒక్క 'బర్త్‌డే' కేకు. ఏడాదికి ఒక్క రోజు.

బయాజుల్లో ఏముంది, ఏం లేదు

నంద్యాల పాత ఇళ్లలో ఇప్పటికీ కొన్ని బయాజులు ఉన్నాయి. తాతలు ఇంటి లెక్కలు, దుఆలు, యునానీ చిట్కాలు, అప్పుడప్పుడు ఒక షేర్, అన్నీ కలిపి రాసుకున్న పొడవాటి నోటు పుస్తకాలు. ఉర్దూ చదవడం రాని మనవళ్లు పాస్‌పోర్టు కోసమో, ఆస్తి పంపకం కోసమో వాటిని నా దగ్గరికి తెచ్చి 'మౌల్సాబ్, ఇందులో మా నాన్న పుట్టిన తేదీ ఉందేమో చూడండి' అంటారు. చివరి పేజీల్లో దొరుకుతుంది. వారం, హిజ్రీ తేదీ, వేళ, ఒక చిన్న దుఆ. తర్వాత కొన్ని పేజీలకు మరణం, మళ్లీ వారం, తేదీ. రెండిటి మధ్య ఆ మనిషి గురించి ఒక్క ముక్క ఉండదు. ఏం తిన్నాడు, ఎప్పుడు నడిచాడు, దేనికి భయపడ్డాడు, ఏమీ లేదు.

మరొక సంగతి చెప్పక తప్పదు. నేను చూసిన బయాజుల్లో కొడుకుల పుట్టుకలున్నంతగా కూతుళ్ల పుట్టుకలు లేవు. ఒక దాంట్లో ఐదుగురు కొడుకుల తేదీలు నిమిషాలతో సహా ఉన్నాయి. ముగ్గురు ఆడపిల్లలున్న ఇల్లు అది. ముగ్గురిలో ఒక్కరి పేరు కూడా లేదు. ఆడబిడ్డ పుట్టిందని ముఖం నల్లబడే తండ్రిని దివ్య ఖుర్ఆన్ నిందించిన సంగతి ఆ తాతకు తెలియనిదా? తెలుసు. కలం మాత్రం కదల్లేదు.

పుట్టుక, చావు కాక మధ్యలోని సంగతులు రాసుకున్నవారి పేరు చెప్పమంటే ఎక్కువగా పరాయి దేశం వాళ్లే గుర్తొస్తారు. డార్విన్ ఉన్నాడు కదా, ఆయన తన మొదటి కొడుకు 1839 డిసెంబరులో పుట్టినప్పటి నుంచి రోజువారీ సంగతులు డైరీలో రాసుకున్నాడు. 37 ఏళ్ల తర్వాత దాన్ని తీసి 1877లో ఒక వ్యాసంగా ప్రచురించాడు. ఆయన సిద్ధాంతాలతో మనకు ఎన్ని పేచీలున్నా, తండ్రిగా ఆయన ఓపికను మెచ్చుకోవాలి. ఆ డైరీలో ఒక చోట, ఏడాది నిండిన బిడ్డ అన్నానికి తనంతట తానే ఒక మాట కల్పించుకున్నాడని రాశాడు. ఏమిటా మాట? 'మమ్'. మన ఇళ్లలో 'మమ్ము తిందువు రా' అని పిలిచే తల్లులు ఇది వింటే నవ్వుకుంటారు.

క్యాలెండరు అట్టలు

ఇక మన ప్రాంతం సంగతి. ఆళ్లగడ్డలో ఒక ఇల్లాలు ఉంది. పదో తరగతి దాకా తెలుగులో చదువుకుంది. భర్త శిల్పాల దుకాణాల దగ్గర రాళ్లు దించే పని చేస్తాడు. గోడ మీది క్యాలెండరులో పాల లెక్క రాసుకోవడం ఆమెకు అలవాటు. 'అర', 'ముప్పావు', 'రాలేదు' అని. ఆ గళ్లలోనే పెన్సిలుతో కూతురి సంగతులు కూడా రాసేది. 'బోర్లా పడింది'. 'మంచం పట్టుకుని నిలబడింది'. 'పానీ అంది'. ఎవరూ చెప్పి చేయించలేదు. గళ్లలో ఖాళీ ఉంది, రాసింది.

నెల అయిపోగానే చింపిన కాగితాలు ఏమవుతాయో మీకు తెలుసు. పెద్దకొడుకు పుస్తకాలకు అట్టలు అవుతాయి.

ఆ పాపకు రెండేళ్లు దాటాయి. మాటలు రాలేదు. 'ఆడపిల్లకు ఇంత నిదానమా' అని కొందరు, 'మీ ఆయన కూడా మూడేళ్లకు మాట్లాడాడు లెమ్మా' అని అత్తగారు. నంద్యాలకు తీసుకొచ్చి డాక్టరుకు చూపిస్తే ఆయన మొదట అడిగింది, అసలు మాటలే రాలేదా, వచ్చి ఆగిపోయాయా అని. ఆ ఇల్లాలు ఊరికి తిరిగి వెళ్లి, కొడుకు లెక్కల పుస్తకం, సోషల్ పుస్తకం అట్టలు విప్పి, మరుసటి వారం తీసుకొచ్చింది. పదకొండో నెలలో 'పానీ'. తర్వాత 'అబ్బా', 'బువ్వ', 'కాకి'. పద్నాలుగో నెలలో ఒక గడిలో 'జ్వరం, చెవి కారింది'. అక్కడి నుంచి కొత్త మాట ఒక్కటీ లేదు. రెండు నెలల తర్వాత ఒక గడిలో 'గిన్నె పడినా తిరగలేదు' అని ఉంది. రాసినప్పుడు ఆమెకు అది పెద్ద విషయంగా తోచలేదు. డాక్టరు చెవులు పరీక్ష చేయించాడు. కర్ణభేరి వెనక నీరు నిలిచి ఉంది. వైద్యం జరిగింది, వినికిడి వచ్చింది, మాటలూ వచ్చాయి. ఇప్పుడా పిల్లను మాట్లాడకుండా ఆపడమే కష్టం, అల్‌హందులిల్లాహ్.

అన్ని కేసులూ ఇంత సులువుగా తీరవు. పుట్టుకతోనే వినికిడి లేని పిల్లలుంటారు. వారికి వైద్యం ఎంత తొందరగా మొదలైతే మాట అంత బాగా వస్తుంది. అందుకే నెలలు లెక్కకొస్తాయి.

ఎప్పుడు ఆందోళన పడాలి, ఎప్పుడు పడనక్కర్లేదు

నడక విషయంలో మన ఆడవాళ్లు అనవసరంగా దిగులు పడతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇండియా, ఘనా, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో ఆరోగ్యంగా ఉన్న పిల్లలను నెలనెలా చూసి 2006లో లెక్కలు ప్రచురించింది. ఆసరా లేకుండా కూర్చోవడం కొందరికి 4 నెలలకే, కొందరికి 9 నెలలకు. ఒంటరిగా నడవడం 8 నెలలు దాటినప్పటి నుంచి 17న్నర నెలల లోపు ఎప్పుడైనా కావచ్చు. నూటికి నలుగురు పిల్లలు చేతులు, మోకాళ్ల మీద పాకకుండానే నడకలోకి వెళ్లారు. కాబట్టి పక్కింటి బిడ్డ పది నెలలకే నడిచిందని మీ బిడ్డకు నూనె మర్దనాలు, తావీజులు మొదలుపెట్టకండి. పద్దెనిమిది నెలలైనా నడవకపోతే మాత్రం తప్పక చూపించాలి.

మాట విషయంలో ఇంత తీరిక లేదు. ఏడాది నిండినా 'బాబా', 'దాదా' వంటి శబ్దాలు లేకపోవడం, వేలు పెట్టి చూపించకపోవడం, 16 నెలలకు ఒక్క మాట కూడా రాకపోవడం, రెండేళ్లకు సొంతంగా రెండు మాటలు కలపలేకపోవడం, పేరు పెట్టి పిలిచినా తిరగకపోవడం, వీటిలో ఏది కనిపించినా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. వచ్చిన మాటలు పోవడం అన్నిటికంటే ముఖ్యమైన గుర్తు, అది ఏ వయసులోనైనా సరే. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు పిల్లల ఎదుగుదల లోపాలను ఉచితంగా పరీక్షించడానికి ప్రభుత్వం 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ప్రారంభించింది. దాని బృందాలు అంగన్‌వాడీలకు వస్తాయి. మన బిడ్డను ఆ రోజు ఇంట్లో దాచి ఉంచడం ఎందుకో నాకు అర్థం కాదు.

మన ఇళ్లలో ఇంకో చిక్కుంది. ఇంట్లో దక్కనీ ఉర్దూ, గడప దాటితే తెలుగు. దూదేకుల సోదరుల ఇళ్లలో లోపలా బయటా తెలుగే. బిడ్డ 'పానీ' అని ఒక పూట, 'నీళ్లు' అని ఒక పూట అంటుంది. 'బువ్వ దేవ్ అమ్మీ' అని కలిపేస్తుంది. 'రెండు భాషల వల్లే మాటలు ఆలస్యం' అని ఎవరో అంటారు, తల్లి భయపడి ఇంట్లో ఉర్దూ మానేస్తుంది. అక్కర్లేదు. రెండు భాషల మాటలూ కలిపి లెక్కపెట్టాలి, అంతే. కలపడం లోపం కాదు. అందుకే రాసేటప్పుడు బిడ్డ అన్న మాటను అన్నది అన్నట్టే రాయండి. దిద్దకండి. 'చందామామ'ను 'తందమామ' అంటే అదే రాయండి.

రాస్తే దిష్టి తగులుతుందా?

ఇలా చెబితే కొందరు అవ్వలు చేతులు అడ్డం పెడతారు. 'బిడ్డ ఎదుగుదల లెక్కపెట్టకూడదు, నజర్ లగ్‌తీ' అని. నజర్ సత్యమని హదీసుల్లో ఉంది, నేను కాదనను. కానీ నచ్చినదాన్ని చూసినప్పుడు బర్కత్ కోసం దుఆ చేయాలని నేర్పిన హదీసు కూడా ఉంది. పది గ్రూపులకు ఫోటోలు పంపేటప్పుడు లేని భయం, బీరువాలోని నోటు పుస్తకానికి ఎందుకు? మాషా అల్లాహ్ అనండి, తేదీ వేయండి, రాయండి.

రాయడమన్నది మన దీన్‌కు కొత్త కాదు. దివ్య ఖుర్ఆన్‌లోని అతి పొడవైన ఆయత్ అప్పు గురించి. చిన్నదైనా పెద్దదైనా గడువుతో సహా రాసుకోవడానికి విసుగు పడవద్దని అందులో ఉంది. అది లావాదేవీల ఆదేశం, దాన్ని పసిపిల్లల డైరీకి రుజువుగా లాక్కురావడం న్యాయం కాదు. అదే బఖరా సూరాలో పాలు మాన్పించడం గురించి కూడా ఉంది. పూర్తి గడువు రెండేళ్లని, అంతకు ముందే మాన్పించాలంటే తల్లీ తండ్రీ ఇద్దరూ సంప్రదించుకుని ఒప్పుకోవాలని. అంటే పాలు మాన్పించే తేదీ తండ్రికి కూడా తెలిసి ఉండాలి! పిల్లల లెక్కలు ఆడవాళ్లవి అని తప్పించుకునే మగవాళ్లు ఈ ఆయత్‌ను ఇంకోసారి చదవాలి.

తేదీలతో పాటు కాగితం

సందర్భం వచ్చింది కాబట్టి ఒక్క మాట. జూన్‌లో బడిలో చేర్చేటప్పుడు పుట్టిన తేదీ అడిగితే 'గ్యార్వీ నెలలో', 'పీర్ల పండక్కి వారం ముందు' అనే రోజులు ఇంకా పూర్తిగా పోలేదు. కర్నూలును ముంచిన 2009 అక్టోబరు వరదలప్పుడు పుట్టిన పిల్లల తల్లులు 'రంజాన్ పండగైన పదో పన్నెండో రోజు' అని చెప్పేవారు. ఆ ఏడాది పండగ సెప్టెంబరు 21న, వరద అక్టోబరు 2న. లెక్క సరిగ్గా సరిపోతుంది. తల్లుల జ్ఞాపకం అబద్ధం కాదు, దానికి ముద్ర లేదు, అంతే. మా తరంలో ఎంతమందికి జూన్ ఒకటి, జూలై ఒకటి పుట్టినరోజులో! పంతుళ్ల దయ.

2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడి, పాస్‌పోర్టు, ఓటు వంటి వాటన్నిటికీ పుట్టిన తేదీ రుజువు జనన ధ్రువీకరణ పత్రమే. పుట్టిన 21 రోజుల్లో నమోదు చేయించాలి. పేరు ఇంకా పెట్టలేదని ఆగనక్కర్లేదు. నమోదు ముందు చేయించి, ఏడాదిలోపు పేరు ఉచితంగా రాయించుకోవచ్చు. ఆ తర్వాతైతే రుసుము కట్టాలి. పేరు అక్షరాలు మాత్రం తండ్రి, తల్లి కాగితాల్లో ఉన్నట్టే ఉండేలా చూసుకోండి. 'షేక్' ముందు పెట్టాలా వెనక పెట్టాలా అన్నది ఆ రోజే తేల్చుకోండి. బిస్మిల్లా హిజ్రీ లెక్కన చేయదలచినవారికి ఇంకో చిన్న విషయం. హిజ్రీ ఏడాది సుమారు 11 రోజులు చిన్నది. ఆ లెక్కన నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులంటే ఇంగ్లీషు లెక్కలో నాలుగేళ్ల రెండున్నర నెలలు.

ఏ లిపిలో రాయాలి?

ఒక అమ్మాయి అడిగింది, 'నాకు ఉర్దూలోనే రాయడం బాగా వచ్చు. నా కొడుకు ఇంగ్లీషు మీడియం. పెద్దయ్యాక వాడు చదవలేడు కదా?' అని. న్యాయమైన ప్రశ్నే. బయాజులు పట్టుకుని నా దగ్గరికి వచ్చే మనవళ్లది ఇదే బాధ. కొందరు తెలుగు అక్షరాల్లో ఉర్దూ మాటలు రాస్తారు. అది బాగానే ఉంటుంది, బిడ్డ పలికిన శబ్దం చెడదు. ఉర్దూలో రాసేవాళ్లు పక్కన ఇంగ్లీషు తేదీ, బిడ్డ అన్న మాట తెలుగులో వేస్తే చాలు. అన్నిటికంటే, చెయ్యి ఏ లిపిలో ఆలోచించకుండా కదులుతుందో దాంట్లో రాయమన్నాను. రేపు రాద్దామనుకుంటే రాయం. పొయ్యి మీద పాలున్నప్పుడే బిడ్డ నిలబడుతుంది.

సెల్లో రాసుకుంటానంటే వద్దనను, కానీ నెలకోసారి కాగితం మీదికి ఎక్కించండి. టీకాల కార్డు వెనక ఖాళీ ఉంటుంది, మొదట అక్కడ రాసినా ఫర్వాలేదు, ఆ కార్డు ఎలాగూ పారేయం. బాల్‌పెన్ను వాడండి, స్కెచ్ పెన్ను తడికి కారిపోతుంది. పెద్దవాడి వాక్యం పక్కన చిన్నవాడిది రాసి పోల్చకండి, ఒక్కో బిడ్డకు ఒక్కో పుస్తకం. ఆడపిల్ల పుస్తకం కూడా అంతే మందం ఉండాలి. చదవడం రాని తల్లులైతే పెద్దపిల్లల చేత రాయించవచ్చు. ఆ ఆళ్లగడ్డ ఇంట్లో ఇప్పుడు అదే జరుగుతోంది. చెల్లెలి మాటలు రాసే పని అన్నది. లెక్కల పుస్తకానికి మాత్రం దినపత్రిక కాగితంతో అట్ట వేస్తున్నారు.